కరెంటు తీసే ముందు చెప్పాలి కదా: మా డిస్కం సమాచార సేవపై నా రివ్యూ

రేటింగ్: ఐదుకి రెండు.

ఇది కరెంటు సరఫరా మీద రివ్యూ కాదు. సరఫరాకైతే మా డిస్కంకి, అంటే మాకు కరెంటు పంపిణీ చేసే సంస్థకి, నాలుగు ఇస్తాను. ఒకప్పటి వేసవి కోతలు చూసినవాళ్లకి ఇప్పుడు పరిస్థితి ఎంత బాగుపడిందో వేరే చెప్పనక్కర్లేదు. నేను రాస్తున్నది కరెంటు తీసే ముందు, పోయిన తర్వాత వినియోగదారుడికి సమాచారం ఇచ్చే పద్ధతి గురించి. అంటే ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు, డిస్కం యాప్, కాల్ సెంటర్. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. మా చుట్టాలు వేరే జిల్లాల్లో, వేరే డిస్కంల కింద ఉన్నారు, వాళ్లూ దాదాపు ఇవే మాటలు చెబుతున్నారు. కాబట్టి ఒక్క సంస్థను వేలెత్తి చూపడం న్యాయం కాదనిపించింది.

నాది ఇడ్లీ, దోశ పిండి అమ్మే చిన్న దుకాణం. జిల్లా కేంద్రంలో ఒక కాలనీలో, రెండంతస్తుల ఇంటి కింద పోర్షన్ అద్దెకు తీసుకుని నడుపుతున్నాం. రెండు టిల్టింగ్ గ్రైండర్లు, ఒక గాజు తలుపుల ఫ్రిజ్, ప్యాకెట్లు సీల్ చేసే మెషిన్, ఇవే మా ఆస్తి. నేను, మా వారు, సాయానికి ఒక అమ్మాయి. పొద్దున ఏడింటికి మినపగుళ్లు నానబోస్తాం. పదకొండుకి రుబ్బడం మొదలుపెడితే రెండు దాటేసరికి అయిపోతుంది. సాయంత్రానికి పొంగు మొదలైన పిండిని ప్యాకెట్లకెత్తి ఫ్రిజ్‌లో పెడతాం. ఆరు నుంచి తొమ్మిది దాకా అమ్మకం.

లైన్ పనులకు కరెంటు తీసే టైము ఎప్పుడూ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు మధ్యే. చెట్ల కొమ్మలు కొట్టడం, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం, వంగిన స్తంభం మార్చడం, అన్నీ పగటి వెలుగులోనే చేయాలి. అందులో తప్పేమీ లేదు. నేను అడిగేది ఒక్కటే, ముందురోజు సాయంత్రానికల్లా నాకు తెలియాలి. తెలిస్తే రాత్రి పదకొండుకి గుళ్లు నానబోసి, తెల్లవారుజామున నాలుగింటికి రుబ్బేసి, తొమ్మిదికల్లా పిండి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగైదు గంటలు చల్లదనం నిలుస్తుంది. అలాంటి రోజున నాకు ఒక్క రూపాయి నష్టం ఉండదు, కస్టమర్‌కి కరెంటు పోయిన సంగతే తెలియదు. చెప్పకుండా తీసేస్తే మాత్రం ఆ రోజు సరుకులో సగం పోయినట్టే.

ఎందుకు పోతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే డిస్కం ఆఫీసులో కూర్చున్నవాళ్లకు "రెండు గంటలే కదమ్మా" అనిపిస్తోంది. మినప్పిండిని గ్రైండర్‌లో కొంచెం కొంచెంగా చల్లటి నీళ్లు పోస్తూ అరగంట పైగా ఆపకుండా తిప్పాలి. అలా తిరిగితేనే గాలి చేరి పిండి తేలికవుతుంది. చిటికెడు తీసి నీళ్లలో వేస్తే పైకి తేలాలి, మా లెక్క అదే. సగంలో కరెంటు పోతే రాళ్లు ఆగిపోతాయి, పిండి వాటి చుట్టూ బిగుసుకుంటుంది. కరెంటు వచ్చి స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. చెయ్యి పెట్టి పిండి బయటికి తీసి, రాళ్లు కడిగి, మళ్లీ వేయాలి. ఈలోపు అది వేడెక్కి ఉంటుంది. రెండోసారి ఎంత తిప్పినా తేలదు, దాంతో వేసిన ఇడ్లీ బిళ్లలా గట్టిగా వస్తుంది. మే నెలలోనైతే ఇంకోటి కూడా ఉంది. ఫ్రిజ్ ఆగితే లోపల ఉన్న ప్యాకెట్లు ఒక్కొక్కటీ ఉబ్బడం మొదలవుతుంది. సీల్ దగ్గర సన్నగా చీలి పుల్లటి నురగ బయటికి వస్తుంది. అలా చీలిన ప్యాకెట్లు నేను అమ్మను.

ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది కానీ ఇంత పెద్ద గ్రైండర్ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే లోడు దాని వల్ల కాదు. జనరేటర్ కొనే స్తోమత మాకు లేదు, పెట్టినా కాలనీలో ఆ శబ్దం ఊరుకోరు. మా వీధిలోనే జిరాక్స్ షాపతను, కుట్టుమిషన్లు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు, పళ్ల డాక్టర్ గారు ఉన్నారు. మూడో ఇంట్లో ఒక పెద్దాయన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మెషిన్) మీద ఉన్నారు. మా అందరికీ కావలసింది ముందుగా ఒక్క మాట.

ఇది మేం మొహమాటపడుతూ అడిగే సాయం కాదు, చట్టప్రకారం రావలసింది. కేంద్ర విద్యుత్ శాఖ 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. ముందే అనుకున్న అంతరాయాల వివరాలు వినియోగదారులకు చెప్పాలని అందులో ఉంది. అనుకోకుండా కరెంటు పోతే ఎస్సెమ్మెస్ ద్వారా గానీ మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ వెంటనే తెలపాలని, ఎప్పటికి వస్తుందో అంచనా టైము కూడా ఇవ్వాలని, అదే సమాచారం కాల్ సెంటర్‌లోనూ దొరకాలని ఉంది. అంతకు ఎంతో ముందే, ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లో పెట్టిన పనితీరు ప్రమాణాల్లో కూడా ఈ సంగతి ఉంది. పనుల కోసం కరెంటు తీయాలంటే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి, రోజులో 12 గంటలు మించకూడదు, సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఇవ్వాలి. అంటే రెండు దశాబ్దాల నాటి మాట. అప్పట్లో ఇంటింటికీ చెప్పడం కష్టమే, పేపర్లో వేయించడమే దారి. ఇప్పుడు ప్రతి సర్వీసు నంబరుకీ ఒక ఫోన్ నంబరు జోడించి ఉంది. బిల్లు వచ్చిన నిమిషంలో మెసేజ్ వస్తోంది. గడువు దాటబోతుంటే గుర్తుచేసే మెసేజ్ వస్తోంది. అదే నంబరుకి, అదే సిస్టమ్ నుంచి, కరెంటు తీస్తున్నామన్న మెసేజ్ మాత్రం సరిగ్గా రావడం లేదు.

ఎలా వస్తోందో చెప్తాను. మా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు మూడు రకాలు. మొదటి రకం కరెంటు పోయిన తర్వాత వచ్చేవి. తొమ్మిదింటికి తీస్తే తొమ్మిదీ నలభైకి "ఈ రోజు 9 నుంచి 2 వరకు సరఫరా ఉండదు" అని వస్తుంది. అప్పటికే నానబోసిన గుళ్లు ముందు పెట్టుకుని ఆ మెసేజ్ చదవడం వల్ల నాకు ఒరిగేదేమీ లేదు. రెండో రకం ముందురోజే వస్తాయి, కానీ అర్థం కావు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైన్) పేరు, ఎల్‌సీ అని రెండక్షరాలు, టైము, అంతే. మా కాలనీ ఏ ఫీడర్ మీద ఉందో మాకెవరు చెప్పారు? బిల్లు మీద రాసి ఉంటే సరిపోయేది. మా వీధికి వచ్చే 11 కేవీ ఫీడర్‌కి ఎప్పుడో మూతపడిన ఒక రైస్ మిల్లు పేరుంది. ఆ మిల్లు మా ఇంటికి చాలా దూరం. ఆ పేరు చూసి ఇది మనకు కాదులే అని ఎవరైనా అనుకుంటారు. మూడో రకం నిజంగా బాగున్నవి. తెలుగులో, వీధుల పేర్లతో, ముందురోజు సాయంత్రం వస్తాయి. అలాంటివీ వచ్చాయి కాబట్టే రెండు స్టార్లు. వాళ్లు తలుచుకుంటే చేయగలరని వాటిని చూస్తే తెలుస్తుంది.

ఇక పని వాయిదా పడితే ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఒకసారి మెసేజ్ నమ్మి తెల్లవారుజామునే లేచి రుబ్బేశాం, ఆ రోజు కరెంటు పోనే లేదు. నష్టం లేదు కానీ, ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌ని మా వారు నమ్మలేదు. ఆ రోజు నిజంగానే తీశారు. సమాచారం మీద నమ్మకం పోతే ఇక మెసేజ్ వచ్చినా రాకపోయినా ఒకటే అవుతుంది. పని రద్దయితే రద్దని, పొడిగిస్తే పొడిగించామని చెప్పడం మొదటి మెసేజ్ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

అద్దెకుండేవాళ్లు ఈ పేరా తప్పకుండా చదవండి. మొదట్లో మాకు అసలు ఏ మెసేజూ వచ్చేది కాదు. సర్వీసు ఓనరు గారి పేరు మీద ఉంది, నంబరూ ఆయనదే. ఆయన పిల్లల దగ్గర హైదరాబాద్‌లో ఉంటారు. మా వీధిలో కరెంటు తీస్తున్నారన్న కబురు ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్న పెద్దాయన ఫోన్‌కి వెళ్లేది. పాపం ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేసి "అమ్మా, ఏదో మెసేజ్ వచ్చింది, నీకేమైనా పనికొస్తుందా" అని చదివి వినిపించేవారు. పట్టణాల్లో ఎంతమంది అద్దెకుంటున్నారో ఆలోచించండి. ఒక సర్వీసుకి ఒకే నంబరు అన్న పద్ధతి వల్ల అసలు కరెంటు వాడుకునేవాళ్లు లెక్కలోకే రావడం లేదు. మేం వినియోగదారుల సేవా కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించాం. అప్పటి నుంచి ఆయనకు బిల్లు మెసేజ్ ఆగిపోయింది, బిల్లు కట్టామో లేదో అని ఆయనకు టెన్షన్. ఓనరుకి ఒకటి, ఉంటున్నవాళ్లకి ఒకటి, రెండు నంబర్లు పెట్టుకునే వీలుంటే ఈ ఇబ్బంది ఇద్దరికీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఇంకో గడి పెడితే సరిపోయే పని ఇది.

వాళ్లకు కూడా ముందు తెలియదేమో, అందుకే చెప్పలేకపోతున్నారేమో అని నేను చాలా రోజులు అనుకున్నాను. అది నిజం కాదని ఒక లైన్‌మన్ తమ్ముడి దగ్గర తెలిసింది. మా సందు చివర చెట్టు కొమ్మలు కొడుతుంటే మజ్జిగ ఇచ్చి అడిగాను.

"పొద్దున లేచాకే అనుకుంటారా తమ్ముడూ, ఇవాళ ఇక్కడ తీయాలని?"

"లేదక్కా. నిన్ననే ఎల్‌సీకి అడిగి పెట్టుకున్నాం. పైనుంచి ఓకే అయితేనే కదా ఎక్కేది."

"మరి మాకు చెప్పలేదే?"

"మెసేజ్ పెట్టేది మేం కాదక్కా. ఆఫీసు నుంచి వెళ్లాలి. వెళ్లిందనే అనుకుంటున్నా."

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. మెసేజ్‌లలో వచ్చే ఆ రెండక్షరాల వెనక ఎంత పద్ధతి ఉందో ఆ రోజే తెలిసింది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి. ఆపరేటర్ బ్రేకర్ ఓపెన్ చేసి, ఆ ఫీడర్‌ని విడదీసి, ఎవరు తీసుకున్నారో, ఎన్ని గంటలకో రిజిస్టర్‌లో రాస్తాడు. పని దగ్గర లైన్‌కి ఎర్త్ రాడ్లు తగిలిస్తారు. పని అయ్యాక మనుషులందరూ కిందికి దిగారని చూసుకుని ఎల్‌సీ తిరిగి ఇస్తేనే లైన్‌ని మళ్లీ ఛార్జ్ చేస్తారు, అంటే కరెంటు వదులుతారు. ఇది ప్రాణాలకు సంబంధించిన పద్ధతి. ఎల్‌సీ పొరపాట్ల వల్ల, ఇళ్లలోని జనరేటర్ల నుంచి లైన్‌లోకి వెనక్కి వచ్చే కరెంటు వల్ల స్తంభాల మీదే ప్రాణాలు పోయిన లైన్‌మన్ల వార్తలు మనం చదువుతూనే ఉంటాం. అందుకే పని జరుగుతుండగా "ఇంకా ఎంతసేపు" అని నేను ఏ రోజూ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి తొందరపెట్టను, ఇది చదివేవాళ్లు కూడా పెట్టకండి.

కానీ ఇక్కడే నా అసలు వాదన ఉంది. ఏ ఫీడర్, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఏ పని, ఎవరి బాధ్యత, ఇవన్నీ ముందురోజే డిస్కం దగ్గర కాగితం మీద ఉన్నాయి. ఏ సర్వీసు నంబరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఫీడర్ మీద ఉందో కూడా వాళ్లకు తెలుసు, లైన్ నష్టాల లెక్క కట్టేది దాని ఆధారంగానే. ఏ సర్వీసుకి ఏ ఫోనో కూడా తెలుసు. అంటే కొత్తగా సేకరించాల్సిన సమాచారం ఒక్క అక్షరం లేదు. ఎల్‌సీకి అనుమతి ఇచ్చే చోటే మెసేజ్ కూడా వెళ్లేలా చేసి, మెసేజ్ వెళ్లినట్టు నమోదు కానిదే ఎల్‌సీ అనుమతి రాకూడదని పెడితే చాలు. అత్యవసరమైతే మినహాయింపు ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు ఆ మెసేజ్ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పంపాల్సిన పనిగా ఉంది. ఆ మనిషి సెలవు పెడితే కాలనీ మొత్తానికి కబురు లేనట్టే.

అనుకోకుండా పోయే కరెంటు సంగతి వేరు, దాన్ని నేను అంత గట్టిగా తప్పుపట్టను. తొలకరి గాలికి కొమ్మ పడుతుంది, వేడెక్కిన ఇన్సులేటర్ మీద మొదటి వాన పడి పగులుతుంది, స్తంభం దగ్గర తీగల్ని కలిపే జంపర్ తెగుతుంది. ఫీడర్ ట్రిప్ అయితే, అంటే లోపం వల్ల దానంతటదే ఆగిపోతే, మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు, నిలవకపోతే మనుషులు లైన్ వెంట నడిచి లోపం ఎక్కడుందో వెతకాలి. వానలో, రాత్రిపూట, పొలాల్లోంచి. ఎప్పటికి దొరుకుతుందో వాళ్లకే తెలియదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే దొరికే జవాబే నన్ను బాధపెట్టేది. సర్వీసు నంబరు అడుగుతారు, పేరు అడుగుతారు, కంప్లైంట్ నంబరు ఇస్తారు. ఫీడర్ మొత్తం పోయిందా, మా ఒక్క ట్రాన్స్‌ఫార్మరేనా, మా ఇంటి ఫ్యూజేనా అంటే "మీ కంప్లైంట్ నమోదైందండీ" అంటారు. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడుతుంది, కానీ ఆమె ముందున్న స్క్రీన్ మీద ఆ వివరం లేదు. ఫీడర్ ట్రిప్ అయిన సంగతి సబ్‌స్టేషన్‌లో ఆ క్షణానే తెలుస్తుంది. అది కాల్ సెంటర్ దాకా చేరితే వీధిలో అందరూ ఒకే సంగతి మీద ఫోన్లు చేసే అవసరమే ఉండదు. "ఫీడర్‌లో లోపం, వెతుకుతున్నాం, గంటలో మళ్లీ చెబుతాం" అంటే నాకు చాలు. దాంతో నేను ఐసు తెప్పించుకోవాలా, ఆగాలా అన్నది తేల్చుకుంటాను.

యాప్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బిల్లు కట్టడానికి చాలా బాగుంది. అంతరాయాల పేజీ తెరిస్తే ఎక్కువసార్లు ఖాళీగా ఉంటుంది, మా ఇంట్లో కరెంటు లేని టైములో కూడా.

మరి నాకు నమ్మకంగా కబురు ఎక్కడి నుంచి వస్తోందంటే రెండు చోట్ల నుంచి. ఒకటి పేపర్ జిల్లా పేజీలో మూలన వచ్చే "నేడు విద్యుత్ సరఫరాలో అంతరాయం" అన్న చిన్న వార్త. వీధుల పేర్లతో సహా ఉంటుంది, అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉంటుంది. కాకపోతే అది అదే రోజు పొద్దున వస్తుంది, అప్పటికి రాత్రే గుళ్లు నానబోసుకునే వీలు దాటిపోయి ఉంటుంది. రెండోది మా ఏరియా లైన్‌మన్ సొంతంగా నడిపే వాట్సాప్ గ్రూపు. ఆయన రాత్రి ఎనిమిదింటికి "రేపు 9 నుంచి 1 వరకు, గుడి వీధి, ట్యాంకు రోడ్డు" అని వాయిస్ మెసేజ్ పెడతాడు. చదువురాని మా పాలామె కూడా విని అర్థం చేసుకుంటుంది. ఇంత పెద్ద సంస్థ ఇవ్వలేకపోతున్న సేవని ఆయన తన సొంత ఫోన్‌తో ఇస్తున్నాడు. ఆయన బదిలీ అయితే మాకా కబురు కూడా ఉండదు.

హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ నీళ్లు సరఫరా చేసే జలమండలి ప్రకటన ఒకటి చూశాను. కృష్ణా పైపులైన్ మరమ్మతుల కోసం ఏ రోజు ఎన్ని గంటల నుంచి మర్నాడు ఎన్ని గంటల వరకు నీళ్లు రావో, ఏయే ప్రాంతాలకో వరసగా పేర్లు రాసి ముందే ఇచ్చారు. మా మరదలు ముందురోజే డ్రమ్ములు నింపిపెట్టుకుంది. నీళ్లు రాలేదని ఆ ఇంట్లో ఎవరూ విసుక్కోలేదు. కరెంటుకి కూడా ఇలాగే కదా ఉండాలి అనిపించింది.

బయటి దేశాల్లో దీన్ని ఎంత గట్టిగా తీసుకుంటారో చదివితే ఆశ్చర్యం వేసింది. బ్రిటన్‌లో ముందే అనుకున్న పనికి కరెంటు తీయాలంటే కనీసం 2 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే వినియోగదారుడు పరిహారం అడిగి తీసుకోవచ్చు. ఏ కంపెనీ అయినా సరే, కరెంటు పోతే చేయాల్సిన నంబరు 105 ఒక్కటే. ఇంట్లో వైద్య పరికరాల మీద ఆధారపడిన వాళ్లు, వృద్ధులు ఉచితంగా పేరు నమోదు చేసుకునే ప్రత్యేక జాబితా ఉంది, వాళ్లకు ముందుగా చెబుతారు. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే కాలిఫోర్నియాలో 2019లో కార్చిచ్చు భయంతో పీజీ అండ్ ఈ అనే కంపెనీ లక్షల ఇళ్లకు కరెంటు ఆపేసింది. ఆ సమయంలో వాళ్ల వెబ్‌సైట్ పనిచేయలేదు, ముందస్తు కబురు చాలామందికి అందలేదు. అక్కడి నియంత్రణ మండలి 2021లో ఆ కంపెనీకి 10.6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కరెంటు ఆపడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. సరిగ్గా చెప్పకపోవడం కూడా శిక్ష పడే తప్పేనని వాళ్లు తేల్చారు. మా మూడో ఇంటి పెద్దాయన్ని చూసినప్పుడల్లా అలాంటి జాబితా మనకూ ఉండాలనిపిస్తుంది. కాన్సంట్రేటర్‌తో పాటు ఒక సిలిండర్ స్పేర్‌లో పెట్టుకుంటారు వాళ్లు, కానీ అది నిండుగా ఉందో లేదో చూసుకోవాలంటే ముందు తెలియాలి కదా.

మన దగ్గర పరిహారం లేదని కాదు. 2003 విద్యుత్ చట్టంలోనే 57వ సెక్షన్ ప్రకారం పనితీరు ప్రమాణాలు పాటించకపోతే డిస్కం పరిహారం ఇవ్వాలి. వినడానికి ప్రతి డిస్కం పరిధిలో ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే పైన ఫిర్యాదులు వినే అధికారి, విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇవ్వవచ్చు. నేను డబ్బు అడగలేదు. మా వీధివాళ్లం సంతకాలు పెట్టి మూడు విషయాలు రాసి ఇచ్చాం. మెసేజ్ ముందురోజు సాయంత్రం ఆరులోపు రావాలి. తెలుగులో, వీధుల పేర్లతో ఉండాలి. బిల్లు మీద ఫీడర్ పేరు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు ముద్రించాలి.

వేదిక వాళ్లు మా మాట శ్రద్ధగా విన్నారని చెప్పాలి. డిస్కం తరఫున వచ్చిన ఇంజనీరు గారు కూడా మర్యాదగా మాట్లాడారు, రుబ్బడం గురించి నేను చెబుతుంటే మధ్యలో ఆపలేదు. మెసేజ్‌లు పంపడం ఏజెన్సీ చూసుకుంటుందని, ఫీడర్ పేర్లు పాత రికార్డుల్లోంచి వస్తున్నాయని ఆయన చెప్పారు. మా వీధి వరకు సర్వీసుల జాబితా సరిచూడమని వేదిక చెప్పింది. అది జరిగింది, ఆశ్చర్యం ఏంటంటే మా సందులో నాలుగిళ్లు అసలు వేరే ట్రాన్స్‌ఫార్మర్ కింద నమోదై ఉన్నాయి. ఆ ఇళ్లకు ఇన్నాళ్లూ పక్క వీధి మెసేజ్‌లు వెళ్తున్నాయన్నమాట.

ఆ తర్వాత మార్పు కనిపించింది. మొన్న కొమ్మలు కొట్టే పనికి ముందురోజు సాయంత్రం ఐదున్నరకే మెసేజ్ వచ్చింది, తెలుగులో, మా వీధి పేరుతో. రాత్రి గుళ్లు నానబోశాం. తెల్లవారేసరికి రెండు గ్రైండర్లూ కడిగి బోర్లించేశాం. పళ్ల డాక్టర్ గారు అపాయింట్‌మెంట్లు సాయంత్రానికి మార్చుకున్నారు. ఆ రోజు మా వీధి నుంచి 1912కి ఎవరైనా ఫోన్ చేసి ఉంటారని నేను అనుకోను.

స్టార్లు మాత్రం ఇప్పుడే పెంచడం లేదు. పక్క కాలనీకి ఇంకా ఆ పొడి అక్షరాల మెసేజ్‌లే వెళ్తున్నాయి, పని ఆలస్యమైతే చెప్పే పద్ధతి మాక్కూడా ఇంకా రాలేదు, బిల్లు మీద ఫీడర్ పేరు లేదు. డిస్కంలు ఏటా ఛార్జీల ప్రతిపాదనలు వేసినప్పుడు నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, అక్కడ ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు రాసి ఇవ్వవచ్చు. ఈసారి నేను ఎల్‌సీకి, మెసేజ్‌కి ముడిపెట్టాలన్న సూచన రాసి పంపుతున్నాను. మీ వీధిలోనూ ఇదే బాధ ఉంటే ముందు మీ సర్వీసుకి ఎవరి ఫోన్ నంబరు ఉందో చూసుకోండి, మీ ఫీడర్ పేరు లైన్‌మన్‌ని అడిగి రాసిపెట్టుకోండి, ఆ తర్వాత మీరూ ఒక కాగితం పంపండి.